గాజులా తిరిగిన స్ప్రింగు

రఘునాథపల్లి రోడ్డు పక్క షెడ్డులో మెకానిక్ కారు ముందు భాగాన్ని జాకీతో పైకి లేపాడు. ఆ కారుతోనే సాయంత్రం ట్రాక్ మీద పందెం కొట్టాలని బయలుదేరిన రక్షితకు కాళ్లు ఒకచోట నిలవడం లేదు.

“కారు మస్తు కిందికైంది చెల్లె. ఎవలు చేసిన్రు?”

“పందెం కోసమని మానుకోటల చేయించిన అన్నా. స్ప్రింగులు రెండు చుట్లు కోసిన్రు. టైర్లు జర చూసి పంపు, నాకు టైం లేదు.”

“టైర్ల సంగతి తర్వాత. చక్రం ఎనక చెయ్యి పెట్టి స్ప్రింగును తిప్పు.”

“నేనెందుకు?”

“తిప్పు.”

ఆమె రెండు వేళ్లతో కదిపింది. కారు బరువు మోయాల్సిన స్ప్రింగు చేతి గాజులా గిర్రున తిరిగింది.

“గిదేందన్నా, ఊడొచ్చేటట్టున్నది!”

“పొట్టిగైంది గదా. పందెంల ఒక్కసారే ఎక్స్‌లేటర్ తొక్కితే ముంగట మూతి పైకి లేస్తది. అప్పుడు గిట్లనే వదులైతది. దిగేటప్పుడు దాని జాగల అది కూసోకుంటే స్టీరింగ్ నీ మాట వినది.”

“మెల్లగ పోతే?”

“పెద్ద గుంతల దిగినా గంతే.”

ఆమె చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది.

“పొద్దుగాల మా అవ్వను గిదే కార్ల జనగామ దవాఖానకు తీస్కపోయిన. పందెం అయినంక మళ్ల తోల్కరావాలె.”

రక్షిత కారు వెనక్కి నడిచి డిక్కీ తెరిచింది.

“పాత స్ప్రింగులు డిక్కీల ఉన్నయ్. అవే ఎక్కియ్యి.”

“కారు ఎత్తుగైతది. ఆడ పోరగాళ్లు చూసి నవ్వుతరు మరి.”

“నవ్వనియ్యన్నా. నా ఎనక నుంచే గద నవ్వేది.”