కంప్లైంట్ లేని వీధి

కారు వీధి మొదట్లోనే వదిలేసి నడిచొచ్చారా? ముందు ఆ బూట్లు విప్పండి, కార్పెట్ తడిసిపోతుంది. మోకాళ్లదాకా స్నో అని నాకు చెప్తారేంటండీ? నెలలు నిండినదాన్ని, పొద్దస్తమానం కిటికీ దగ్గర కూర్చుని చూస్తున్నది దాన్నే కదా. ఈ అమెరికాలో డెబ్భై తొమ్మిదో సంవత్సరం భలేగా మొదలైంది మనకి.

అయినా మీరే అలా అంటే ఎలా? సిటీ ఆఫీసులో ఏ డిపార్ట్‌మెంట్ ఎంత బాగా పనిచేస్తోందో కొలిచే ఉద్యోగం మీది. మొన్న ఆదివారం మ్యాప్ తెచ్చి ఈ టేబుల్ మీదే పరిచారు. కంప్లైంట్లు ఎక్కువొచ్చిన వీధులు ఎరుపు, అసలు రానివి ఆకుపచ్చ. మన వీధేమో చిలకపచ్చ. "చూశావా వసుమతీ, మనకి సర్వీస్ ఫస్ట్ క్లాస్" అని ఎంత మురిసిపోయారో. స్నో తీసే ట్రక్కులు ముందు ఎర్ర వీధులకే వెళ్లాలని రాసిందీ మీరేగా.

నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నా.

మన వీధిలో కంప్లైంట్ ఎవరు చేస్తారండీ? ఎదురింటి కృష్ణమూర్తిగారు డెట్రాయిట్‌కి డ్యూటీకెళ్లే ముందు పార పట్టుకుని తన వాకిట్లో, పక్కవాళ్ల వాకిట్లో స్నో తవ్విపోస్తారు. సిటీకి ఫోన్ చెయ్యొచ్చుగా అంటే, "పాపం, వాళ్లకెన్ని పనులోనమ్మా" అంటారు. పక్కింటి ఉషకేమో తన ఇంగ్లీషు వాళ్లకి అర్థం కాదని భయం.

నేనా? మీ ఆఫీసమ్మాయి సర్వే అని ఫోన్ చేసింది కదా. స్నో తీయడం ఎలా ఉందని ఎంత మర్యాదగా అడిగిందో. అంత చక్కగా అడిగితే బాలేదని ఎలా చెప్తాం? అన్నిటికీ "వెరీ గుడ్" అన్నాను. భోంచేశావా అని కూడా అడిగాను, పాపం కంగారుపడింది.

ఆ వెరీ గుడ్లన్నీ కలిపి మీరు గ్రాఫ్ గీశారు.

ఇవాళ మాత్రం నేనే ఫోన్ చేశానండీ. అవును, మీ సిటీకే. మా వీధిలోకి ఏ బండీ రాలేకపోతోంది, నన్ను హాస్పిటల్‌కి ఎలా తీసుకెళ్తారు అని అడిగేశాను. రేపు మీ మ్యాప్‌లో మన వీధి ఎర్రబడుతుంది. ఏమీ అనుకోకండి.

అదుగో, వినపడుతోందా? మలుపు దగ్గర ట్రక్కు చప్పుడే అది.

కూర్చోకండి. బూట్లు మళ్లీ తొడుక్కోండి. నొప్పులు మొదలయ్యాకే ఫోన్ చేశాను. మీకు చెప్తే కంగారుపడి ఆ స్నోలో కారు స్పీడుగా నడుపుతారని చెప్పలేదు. నాకు చాలా భయమేసిందండీ.

ఎలా ఉందని నన్నడక్కండి. అడిగితే వెరీ గుడ్ అనే అంటాను. నా మొహం చూసి బయల్దేరండి.