ఎలుగుబంట్ల ఊరికి రెండు టికెట్లు

(ట్రావెల్స్ ఆఫీసు. కౌంటర్‌కి ఇవతల, జూలో ధ్రువపు ఎలుగుబంటిని సాకి మొన్ననే రిటైరైన ఉద్యోగి, అతని భార్య. అవతల టికెట్లు రాసే అమ్మాయి.)

"ఎలుగుబంట్లే. ఇంకో మాట లేదు."

"చెప్పాల్సింది నువ్వు కాదు. ముప్పై ఏళ్ళు చాకిరీ చేసినందుకు జూ వాళ్ళు నాకిచ్చిన ట్రిప్పు ఇది. అమ్మాయ్, ఆ మంచుదేశపు మనుషులు, ఇన్యూట్ల పల్లె రాయి."

"రాయకమ్మా."

"ఇద్దరూ ఒక మాట మీదకొస్తే బావుంటుంది మేడమ్. ఎలుగుబంట్ల ఊళ్ళో అయితే, సముద్రం గడ్డకట్టే ముందు అవన్నీ ఒడ్డుకొచ్చి కాచుక్కూచుంటాయి. పెద్ద చక్రాల బండిలోంచి చూడొచ్చు. పల్లెలో అయితే వాళ్ళింట్లోనే బస. పాటలు వినొచ్చు, రాతిబొమ్మలు చెక్కడం, సీల్ తోలు కుట్టడం చూడొచ్చు. రెండూ ఒకే ట్రిప్పులో కుదరవు. సీట్లు సాయంత్రం దాకే ఆపగలను."

"విన్నావా? తోలు కుట్టడమట. నువ్వు కుట్టుపని చేసేదానివని నీకోసమే..."

"నాకోసమా! నా మిషను చప్పుడుకి చెవుల్లో దూది కుక్కుకునే మనిషి, నాకోసం అంతదూరం తీసుకెళ్ళి కుట్టుపని చూపిస్తారట!"

"మంచికి పోతే చెడెదురైందని..."

"ఇరవై రెండేళ్ళు ఒళ్ళంతా చేపల కంపుతో ఇంటికొచ్చారు. ఆ ఎలుగుబంటికి దొరసాని అని పేరెట్టి నా నెత్తిన సవతిని కూచోబెట్టారు. నా పురుడప్పుడు ఎక్కడున్నారు? దొరసానికి పన్ను నొప్పి. మా నాన్న పోయినప్పుడు? దొరసాని తిండి మానేసింది. ఇప్పుడేమో ఎలుగుబంట్లు వద్దట, మనుషులు కావాలట!"

"సార్, మంచినీళ్ళు తాగుతారా?"

"వద్దమ్మా. చూడలేనే! చాలా? మంచు మీద తిరిగేదాన్ని చూస్తే, సిమెంటు గచ్చు మీద నాలిక బయటపెట్టి పడున్న నా దొరసానే కనిపిస్తుంది. నావల్ల కాదు."

"చూడాలి."

"చచ్చినదాని మీద కూడా ఇంత కసా నీకు?"

"కసి కాదు."

"మరేంటి?"

"చూడాలి. అంతే."

"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు!"

"మేడమ్, పోనీ ఈసారికి పల్లె చూసొచ్చి..."

"నువ్వుండమ్మా. నీకు తెలీదు."

"చెబితే తెలుస్తుంది, ఆ పిల్ల మీద ఎగురుతావెందుకు? విను అమ్మాయ్. ఈవిడకి ఆపరేషనని ఒక్కరోజు సెలవు పెట్టాను. ఇరవై రెండేళ్ళలో ఆ ఒక్కరోజే దానికి దూరంగా ఉన్నాను. మిట్టమధ్యాహ్నం దొరసాని చల్లగదికి కరెంటు పోయింది. జనరేటర్ గది తాళంచెవి చూస్తే నా జేబులో ఉండిపోయింది. ఆసుపత్రి నుంచి జూకి పది నిమిషాల దారి. నాతో జతగా డ్యూటీ చేసేవాడు ఒక్క ఫోన్ కొడితే..."

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"కొట్టలేదు! కొట్టానని, కట్ అయిపోయిందని పిల్లల మీద ఒట్టేశాడు వెధవ. నా ఫోను తీసి పెద్దాఫీసర్ బల్ల మీద పెట్టాను. చూసుకోండి సార్, ఒక్క కాల్ ఉందేమో అన్నాను. లేదు! వీడు తాళం పగలగొట్టేసరికి గంటన్నర. ముసలి ప్రాణం, ఎంతసేపని ఓర్చుకుంటుంది? వాడి ఉద్యోగం ఊడింది."

"ఊడగొట్టించారు."

"ఊడగొట్టించాను! ఇప్పుడు ఏదో షాపు గుమ్మంలో కాపలా కూచుంటున్నాడు. కూచోనీ. వాడి పిల్లలకి నువ్వు దొంగచాటుగా స్కూలు బట్టలు కుట్టి పంపుతున్నావని నాకు తెలీదనుకున్నావా?"

"పిల్లలేం చేశారండీ?"

"నా దొరసాని ఏం చేసింది?"

"సార్, కొంచెం మెల్లగా. పక్క కౌంటర్లో వాళ్ళు..."

"విననీ! ఆ రోజు మందులకని కిందికెళ్ళిన పావుగంట తప్పిస్తే ఈవిడ మంచం పక్కనుంచి కదిలానా? అడుగు."

"ఊరుకోండి."

"ఊరుకోను. చెప్పు, కదిలానా?"

"కదల్లేదు. ఆ రోజు నాకు భయమేసింది. తెలుసా మీకు? ఎప్పుడైనా అడిగారా? లోపలికి తీసుకెళితే మళ్ళీ బయటికొస్తానో రానో అనిపించింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఒక్కరోజు మీరు నాక్కావాలనిపించింది."

"ఉన్నానుగా!"

"ఉన్నారు."

"ఉన్నందుకే అది పోయింది. ఇంకా ఏం సాధిద్దామని నన్ను అక్కడికి లాక్కెళతావు?"

"మిమ్మల్ని సాధించడానిక్కాదు."

"సార్, ఆరు కావస్తోంది. ఏది రాయమంటారు?"

"పల్లె రాయమ్మా. ఎలుగుబంట్ల ఎదట నిలబెట్టాల్సింది నన్ను కాదు. వాణ్ణి. వాణ్ణి తీసుకెళ్ళి చూపించవే, పో!"

"వాణ్ణి కాదండీ."

"మరెవర్ని?"

"నన్ను. వాడు ఫోన్ చేశాడు. మీరు ఫోను నా మంచం మీదే వదిలి మందులకెళ్ళినప్పుడు నాలుగుసార్లు చేశాడు. నాలుగుసార్లూ నేనే కట్ చేసి, చెరిపేశాను."