నువ్వుల ముద్ద

వాగు పొంగి కల్లాలు కొట్టుకుపోయిన ఏడాది అది. సిద్దిపేటలో ఆ ఇంటి కోడలు విషజ్వరం నుంచి లేచింది గాని, రెండు బుక్కలకే కంచం తోసేసి పుల్లలా ఎండిపోతోంది. భర్త తన తల్లిని నిలదీశాడు.

“ఉత్త గంజితోని ఎట్ల కోలుకుంటది అవ్వా? నెయ్యి మనతోని గాదు. నువ్వులు, బెల్లం దంచి ఉసిరికాయంత ముద్ద గడియకొకటి పెట్టుమన్నడు హకీం.”

“నువ్వులు వేడి. పత్యం దప్పితే జరం తిరగబెడ్తది. హకీం మాట తీపి, తల్లి మాట చేదాయెనా? నీ చెల్లె గట్లనే పాయె.”

“చెల్లెకు ఏం పెట్టినవని పత్యం దప్పుతది? అది ఆకలికి పోయిందే అవ్వా.”

తల్లి కోడలి మంచం వైపు తల తిప్పింది.

“దీనికేమన్నయితే కొడకా?”

“పెట్టకుంటే కాదా?”

మర్నాడు పొద్దున్నే అతడు నువ్వులు దంచి, మొదటి ముద్ద తల్లి చేతిలోనే పెట్టి, ఆమెను భార్య మంచం దగ్గరికి నడిపించుకుపోయాడు.