ముందొచ్చిన జవాబు

ఆస్పత్రి రెండో అంతస్తులో మందుల గది. అక్క అక్కడ నర్సు. ఉద్యోగం పోవడంతో బీరువా తాళాలు అప్పగించి పోదామని వచ్చింది. వార్డుల్లో మెసేజ్‌ల స్క్రీన్లు పెట్టించిన తమ్ముడు, ఎంత రమ్మన్నా లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఇంకోసారి చెప్పరా. నీ కంప్యూటర్ భాష వద్దు, నాకర్థమయ్యేలా చెప్పు.”

“ఇప్పుడెందుకక్కా అవన్నీ?”

“ఆ పేషెంటు పోయాడు గనక. ఇంజెక్షన్ ఇచ్చింది ఈ చెయ్యి గనక. చెప్పు.”

“పెద్ద డాక్టరు ‘ఇంజెక్షన్ ఇవ్వండి’ అని పెట్టాడు. అది చూసి సర్జన్ ‘వద్దు, ఆపండి’ అని పెట్టాడు.”

“నా స్క్రీన్ మీద ముందు ‘వద్దు, ఆపండి’ వచ్చింది. ఆ తర్వాత ‘ఇవ్వండి’ వచ్చింది. ఇద్దరూ మాట్లాడుకుని మనసు మార్చుకున్నారనుకున్నాను. ఇచ్చాను.”

“పక్కనే టైం ఉంటుందిగా, చూసుకోవాల్సింది.”

“రెండింటికీ ఒకటే నిమిషం ఉంది.”

“పోనీ, ఫోన్ చేసి అడగాల్సింది.”

“ఫోన్లు చెయ్యకండి, స్క్రీన్ చూసుకోండి అని మా అందర్నీ కూర్చోబెట్టి మరీ చెప్పిందెవరు? నేనా?”

“అక్కా, అరవకు. బయటికి వినిపిస్తుంది.”

“అరవట్లేదు, అడుగుతున్నా. అసలు మాట రాకుండానే దాని జవాబు వచ్చి కూర్చుంటుందా ఎక్కడైనా?”

“వస్తుంది. ఒకే మనిషి పెట్టినవైతే వరసగానే వస్తాయి. ఇద్దరు పెడితే దేని దారి దానిది. ఒక వార్డులో ఇది ముందొస్తుంది, ఇంకో వార్డులో అది.”

“మరి దానికి మందే లేదా?”

“ఉంది. జవాబు ముందొస్తే, అది దేనికి జవాబో ఆ మెసేజ్ వచ్చేదాకా పట్టి ఉంచాలి. రెండూ వచ్చాక వరసలో చూపించాలి.”

“అంత తెలిసినవాడివి, పెట్టొచ్చుగా?”

“పెట్టాను.”

“పెట్టావా?”

“మొదట్లో ఉండేది. తర్వాత... తీసేశాను.”

“తీసేశావా!”

“ఒకటి ఆలస్యమైతే దాని వెనకవన్నీ ఆగిపోయేవక్కా. స్క్రీన్ నత్తలా నడుస్తోందని డాక్టర్లు ఒకటే గోల. మా మేనేజరైతే నా ప్రాణం తోడేశాడు.”

“మాకెవరూ చెప్పలేదేం?”

“చెబితే మీరు భయపడతారని...”

“భయపడితే ఫోన్ చేసేదాన్ని కదరా!”

“చేసేదానివే.”

“అంటే నేను చూసింది నిజమే.”

“నిజమే.”

“నా కళ్లు బాగానే ఉన్నాయి.”

“బాగానే ఉన్నాయక్కా.”

“అయితే పద. విచారణ కమిటీ వాళ్లు ఇంకా కిందే ఉన్నారు. ఈ ముక్క వాళ్ల ముందు చెప్పు. లేదంటే ఇక్కడే కాదు, ఇంకెక్కడా నన్ను నర్సుగా పెట్టుకోరు.”

“ఇప్పుడెళ్లి ఏం చెప్పను? పొద్దున నువ్వే ఒప్పుకున్నావుగా, తప్పు చదివానని.”

“ఒప్పుకున్నాను.”

“అదే మరి. నీ నోటితో నువ్వే ఒప్పుకున్నాక నేనేం చెయ్యను? అందుకే నన్నడిగినప్పుడు, మా దాంట్లో తప్పేం లేదన్నాను. నువ్వు ఒప్పుకోకుండా ఉంటే నిజం చెప్పేసేవాణ్ణి. అమ్మ మీదొట్టు.”

“అమ్మనెందుకురా మధ్యలోకి లాగుతావు! నువ్వు చెప్పి వెళ్లాకే నన్ను పిలిచారు. నేను తప్పు చదవలేదని ఎంత మొత్తుకున్నానో. ‘మీ తమ్ముడే స్క్రీన్లో తప్పు లేదన్నాడమ్మా’ అన్నారు. మా వాడు అబద్ధం చెప్పడు, అయితే నేనే తప్పు చదివుంటాను అని అప్పుడు ఒప్పుకున్నాను.”