పొయ్యి లేని గది

అంకమ్మ లాడ్జీ అందంట. అంతే, ఇంట్లోకి పాము దూరినట్టు లేచి నిలబడ్డాడంట మొగుడు బ్రహ్మయ్య. “లాడ్జీయా? తోడబుట్టింది అదే ఊళ్ళో ఉండగా లాడ్జీలో దిగితే నలుగురూ నా మొహాన ఊస్తారే” అని. ఆ నలుగురెవరో ఇప్పటిదాకా ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఆడదాని ఒంటిమీద పని కాస్త తగ్గే మాటొచ్చినప్పుడే ఆ నలుగురూ ఎక్కణ్ణించో దిగుతారు, గమనించారా మీరు? సరే, సంగతేమంటే, హైదరాబాదు పక్కన నీళ్ళ పార్కు ఒకటుంది. ఆకాశంలో ఎక్కి మడుగులో దిగే జారుడుబల్లలు, సముద్రాన్ని పట్టుకొచ్చి సిమెంటు తొట్లో పోసినట్టు అలలు. ఎండాకాలం సెలవల్లో పిల్లలిద్దర్నీ తీసకపోదామనుకున్నారు. పల్నాడులో పొద్దున బస్సెక్కితే అక్కడికి చేరేసరికి సగం రోజు బస్సులోనే పోద్ది, అందుకని ముందురోజే పోయి ఎక్కడన్నా దిగాలి. ఎక్కడ దిగాలి? అదీ తగువు. బ్రహ్మయ్య అక్క సౌభాగ్యం ఇల్లు ఆ పార్కుకి కూతవేటు దూరం. కిరాయి లేదు, తిండి ఖర్చు లేదు, ఇంకేం కావాలంటాడు ఆయన.

ఖర్చు లేదంట! ఎవరికి లేదు? అది ఇనండి ముందు. మూడేళ్ళ కిందట ఇట్టాగే పోయారు. పోయేటప్పుడు సౌభాగ్యం ఫోను చేసి, “ఒరే తమ్ముడూ, ఎటూ వస్తన్నారుగా, మన చేలో కాయలు సగం బస్తా పట్రా, ఏడాదికారం కొట్టించుకుంటా” అంది. పట్టకపోయారు. తెల్లారి పిల్లలు పార్కుకని తయారై నిలబడితే, డాబామీద గోనెపట్టా పరిచి మిరపకాయలు గుమ్మరించి, “అంకమ్మా, నీ చెయ్యి మంచిది, మొదటి తొడిమ నువ్వు తుంచమ్మా” అందంట. ఈ పిచ్చిది మురిసిపోయి తుంచింది. తుంచిందా, ఇంక అయిపోయింది దాని పని. వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉంది. కారానికి తొడిమలు మొదలుపెట్టిన చెయ్యే ముగించాలంట, మధ్యలో చెయ్యి మారితే ఏడాదికారం పురుగు పడుద్దంట. “మా అమ్మ చచ్చేదాకా చెప్పింది” అని ఒట్టేసి మరీ చెప్పింది సౌభాగ్యం. అబద్ధం కాదు, నిజంగానే నమ్ముద్ది ఆ మనిషి. ఇంకేముంది, మొగుడూ పిల్లలూ ఆడబిడ్డా ఆడబిడ్డ మొగుడూ అందరూ ఆటో ఎక్కి పార్కుకి పోయారు. అంకమ్మ ఎండలో తొడిమలు. మధ్యలో లేచి పొయ్యి మీద కూర కలబెట్టి రావటం, మళ్ళీ తొడిమలు. సాయంత్రం తడి జుట్టుతో వచ్చి, చెప్పులు కూడా ఇడవకుండా, అందరూ ఒకటే మాట: “ఆకలి!”

ఆనాటి ఫొటో పటం కట్టించి ఇంట్లో గోడకి తగిలించాడు బ్రహ్మయ్య. నీళ్ళల్లో నిలబడి అందరూ పళ్ళికిలిస్తుంటారు. ఇంటికొచ్చిన ప్రతోళ్ళూ, “అంకమ్మా, నువ్వెక్కడ ఇందులో?” అని అడగటం. ఆమె ఏం చెప్పుద్ది? మూడేళ్ళు ఆ పటం కింద కూచుని అన్నం తినింది. ఈసారి కూతురు ఇందు, పదకొండేళ్ళది, “అమ్మా, ఈసారన్నా నువ్వు పెద్ద జారుడుబల్ల ఎక్కుతావా?” అని అడిగిందంట. “ఎక్కుతానే. ఎక్కకపోతే నన్ను అమ్మా అనమాక” అందంట అంకమ్మ. పిల్లతో అన్న మాట, ఏట్లో కలిపేది కాదుగా.

అందుకని కోల్డు స్టోరేజీలో తనతో పాటు తొడిమలు తీసే మస్తాన్‌బీని అడిగింది. మస్తాన్‌బీ వాళ్ళు నిరుడు పోయొచ్చారు. “గేటుకెదురుగానే ఒక చిన్న లాడ్జీ ఉందే, మేడమీద గది, కిరాయి మన కూలోళ్ళకి అందేదే. కాకపోతే ఏసీ లేదు, టీవీ మోగదు” అంది. అంకమ్మ అవేవీ ఇన్లేదంట. “గదిలో పొయ్యి ఉందా?” అని అడిగింది. “లాడ్జీ గదిలో పొయ్యెందుకుంటదే నీ మొహం!” “పొయ్యి లేదా? నిజంగా లేదా? అయితే నాకు కావాల్సింది ఆ గదేనే” అందంట. చూడండి, లోకమంతా గదిలో ఏముందని అడుగుద్ది. ఇది ఏం లేదని అడిగింది.

తన తొడిమల కూలితోనే కిరాయి కడతానంది. అయినా ఒప్పుకోలా ఆ మహానుభావుడు. “మా అక్క ఏమనుకుంటది?” “నేనేమనుకుంటానో ఎప్పుడన్నా అడిగావా?” “నీకేం, నువ్వు ఇంట్లో మనిషివి.” ఇంట్లో మనిషంట! ఇంట్లో రోలు కూడా ఇంట్లోదే, దాన్నీ ఎవరూ పార్కుకి తీసకపోరు. ఆ రాత్రి పెళ్ళాన్ని అడక్కుండానే అక్కకి ఫోను కొట్టి వస్తన్నామని చెప్పేశాడు. సౌభాగ్యం ఏమందో మీరే చెప్పండి. ఆఁ, అదే. “సగం బస్తా కాయలు పట్రా.”

అంకమ్మ ఇంక పల్లెత్తు మాట అనలేదంట. కోపమొచ్చిన ఆడది అరుస్తన్నంతసేపూ భయం లేదు, నోరు మూసిందా, అప్పుడు చూసుకోవాలి. పోయారు, దిగారు. తెల్లారింది. డాబామీద గోనెపట్టా పరిచారు, కాయలు గుమ్మరించారు. పిల్లలు తువ్వాళ్ళు మెళ్ళో ఏసుకుని మెట్ల దగ్గర నిలబడి తల్లి మొహం చూస్తన్నారు. సౌభాగ్యం తియ్యగా, “రామ్మా అంకమ్మా, నీ చేత్తో…” అంటుండగానే అంకమ్మ వంగి ఒక కాయ తీసి మొగుడి చేతిలో పెట్టింది. “ఏమయ్యా, నిరుడంత ఘాటు లేదంటన్నారు మన కాయ, నిజమేనా?” అంది.

ఇప్పుడు ఏమైందంటే, మిరప రైతు సంగతి మీకు తెలుసుగా. ఎవడన్నా సరే, చేతిలో కాయ పెట్టి ఘాటు లేదని అని చూడండి, వాడు దాన్ని విరిచి వాసన చూసి గింజ చూపించి పది మాటలు చెప్పందే ఊరుకోడు. మార్కెట్టు యార్డులో అదే, పెళ్ళిలో అదే, చావింట్లోనూ అదే. “ఎవడే ఘాటు లేదంది?” అని బ్రహ్మయ్య టప్పున తొడిమ తుంచాడు. కాయ విరిచాడు. “చూడక్కా, రంగు చూడు! గింజ చూడు! నాలిక్కి తగిలిస్తే నీ కళ్ళెంట నీళ్ళు…” అని చెప్పుకుపోతన్నాడు, మురిసిపోతా.

“వదినా” అంది అంకమ్మ, “చూశావుగా. మొదటి తొడిమ నీ తమ్ముడు తుంచాడు.”

సౌభాగ్యానికి అర్థమయ్యేసరికి మొహాన నెత్తురు చుక్క లేదంట. “ఛీ ఛీ, మొగోడి చెయ్యి లెక్కలోకి రాదు” అంది. “ఎందుకు రాదు వదినా? తెగింది తొడిమ కాదా? పురుగుకి ఆడా మొగా తెలుసుద్దా? ఏడాదికారం, మీ అమ్మ మాట. నా చెయ్యి పెట్టమంటే పెడతా, మళ్ళీ పురుగు పడితే నన్ననమాక.” సౌభాగ్యం కాయల కుప్ప చూసింది, తమ్ముణ్ణి చూసింది, పైనున్న తల్లిని తలుచుకుంది. ఆఖరికి, “కూచోరా తమ్ముడూ” అంది. “అదేంటక్కా! మరి నా పార్కు?” అన్నాడు బ్రహ్మయ్య, చిన్నపిల్లోడి మాదిరి. “నువ్వు చూశావుగా పోయినసారి” అంది అంకమ్మ. “గోడమీద పటంలో కూడా ఉన్నావుగా.” అని పిల్లల చేతులు పట్టుకుని మెట్లు దిగింది. ఎనక్కి చూడలేదు.

పెద్ద జారుడుబల్ల ఎక్కింది. అద్దె బట్టలేసుకుని, పైదాకా. పైనించి చూస్తే మనుషులు మిరపగింజలంత కనపడ్డారంట. కళ్ళు మూసుకుని జారింది. మొదటిసారి జారేటప్పుడు దారి పొడుగునా ఆడబిడ్డని తిట్టింది, రెండోసారి మొగుణ్ణి తిట్టింది. మూడోసారి తనని తానే తిట్టుకుందంట, చెయ్యి మంచిదనంగానే మురిసిపోయినందుకు. నీళ్ళల్లో పడ్డాక లేచి నవ్వుతుంటే ఇందు ఫొటో తీసింది.

సాయంత్రం ముగ్గురూ తడి జుట్టుతో డాబా ఎక్కారు. బ్రహ్మయ్య కళ్ళు చింతనిప్పులు, రెండు చేతులూ మజ్జిగ గిన్నెలో. “చేతులు మండిపోతన్నాయే అంకీ” అన్నాడంట. “అవును” అంది, “మండుతాయి.” అంతే. పన్నెండేళ్ళుగా రోజూ సాయంత్రం ఆ చేతులతోనే అతనికి అన్నం కలిపి పెట్టింది. ఒక్కనాడన్నా మండుతున్నాయా అని అడిగాడా? చెప్పండమ్మా. మన చేతులు మండితే అది పని, వాళ్ళవి మండితే ఘోరం!

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఈసారి లాడ్జీ అన్నది బ్రహ్మయ్యే. ఓ వెంకాయమ్మా, అక్కడ కూచుని అప్పుడే చప్పట్లు కొట్టమాక, ఇంకా ఉంది. గేటెదురు లాడ్జీకి పోతే అక్కడాయన, “కొత్తగా కట్టాం సార్, పొయ్యీ గిన్నెలూ ఉన్న గది ఉంది. ఇంట్లో మాదిరి వండుకోవచ్చు, హోటలు ఖర్చు కలిసొస్తది” అన్నాడు. బ్రహ్మయ్య మొహం చాటంత అయిందంట. “ఆఁ ఆఁ, అదే ఇయ్యండి!” చూశారా? ఏడాది తిరక్కుండానే! అంకమ్మ అరవలేదు. “తీసుకో. ముందు నువ్వెళ్ళి పొయ్యి ఎలిగించు” అంది. “మొదలుపెట్టిన చెయ్యే ముగించాలి.” బ్రహ్మయ్య తన చేతుల వంక చూసుకున్నాడు. “పొయ్యి లేంది ఇయ్యండి” అన్నాడు.

బుద్ధొచ్చిందంటారా? నేననను. బుద్ధి రావటం వేరు, చేతులకి మంట గుర్తుండటం వేరు. ఈ రెండోది అయినా చాల్లెండి, పార్కు చూసి రావటానికి. మీ ఇళ్ళల్లో మొదటి తొడిమ ఎవరు తుంచుతున్నారో రేప్పొద్దున చూసుకోండి. నీ చెయ్యి మంచిదమ్మా అని ఎవరన్నా అంటే మాత్రం, ఆ చెయ్యి ఎనక్కి పెట్టుకోండి.