గంప కింది నెమలిపిల్ల

గట్టు మీద గడ్డి కోస్తుంటే దొరికిన నెమలిగుడ్డును కొత్తకోడలు ముచ్చటపడి పొదుగుతున్న కోడి కింద, దాని గుడ్లలో కలిపి పెట్టింది. ఈ వారమే అన్నీ పిల్లలయ్యాయి. పొద్దున్నుంచి కంచె అవతల తల్లినెమలి అరుస్తూనే ఉంది. సిద్దిపేట శివారులోని ఆ పెరట్లో ఆమె, ఆమె మగడు కోడినీ పిల్లలనూ కమ్మిన గంప ముందు కూలబడి సందుల్లోంచి చూస్తున్నారు.

"ఏమయ్యా, నెమలిపిల్ల ఏదో జల్ది చూడు! తల్లినెమలి ఎల్లిపోతే పిల్ల ఆగమైతది."

"అన్నీ మట్టిరంగే ఉన్నయ్. జుట్టున్నది తీయరాదు?"

"జుట్టు గిప్పుడే ఎట్లొస్తది? నెల దాటాలె."

"తోక ఇప్పి ఆడుతుంది సూడు, గదే నెమలిపుంజు!"

"గది ఈగ ఎంట ఉరుకుతుందయ్యా!"

"అయితె ఏదో ఒకటి ఇద్దాం."

"కోడిపిల్లనిస్తె తల్లినెమలి పొడిచి సంపుతది! నా ముచ్చటే నెమలిపిల్ల పానం మీదికొచ్చె."

"ఏడ్వకే."

"అయ్యో, అరుపాగింది! పోయిందా?"

"పోలే, కంచె మీదున్నది. గంప లేపు."

లేపింది. కోడి పిలవగానే పిల్లలన్నీ దాని రెక్కల కింద దూరాయి. ఒకటి మాత్రం ఎగిరి అతని భుజం మీద వాలింది.

"కదలకు! ఈ వారం పుట్టిన కోడిపిల్ల గంత ఎత్తు ఎగురుతదా? ఇదేనయ్యా, ఇదే!"

"గోళ్లు గుచ్చుకుంటున్నయే!"

"ఓర్సుకో. మెల్లగ నడువు."

కంచె అవతల దింపగానే తల్లినెమలి కిందికి దూకింది, పిల్ల దాని వెంట గడ్డిలోకి ఉరికింది.

"అరె, మగదో ఆడదో చూడకపోతిమి!"

"మగదైతె పింఛం చూపియ్యనీకి అదే వస్తది."

"ఆడదైతే?"

"పిల్లల్ని ఎంటేసుకొని వస్తది."