టీ తట్ట ఎవరి చేతికి

“జేజీ, కువైట్ యుద్ధంలో నువ్వు టీవీలో కనపడినావంట కదా?”

నేనెందుకు కనపడతానే? కనపడింది హలీమా. ఆ ఫోను పక్కన పెట్టి కుదురుగా కూచో, చెప్తా.

నేను పనికుండిన ఇల్లు ఫర్వానియాలో. మా మామా, అదే, ఇంటి యజమానురాలు, పుట్టు కువైటీ. మనిషి మాత్రం నలుపు, కాటుక నలుపు. ముత్తాతల నాటి నుంచీ వాళ్లది ఆ ఊరే. అయినా బజారుకు పోతే “సూదానీ, పక్కకు జరుగు” అనేవాళ్లు. టీవీలో నాటకమొస్తే చూడల్ల ఆమె కోపం! నల్లమొగం కనపడిందంటే చేతిలో టీ తట్ట ఉండాల్సిందే గదా. “మేము టీ పోసేదానికే పుట్టినామా?” అని టక్కున ఆపేసేది. అట్లని పక్కింట్లో వంటకుండే హలీమాను, ఆమె నిజంగానే సూదాన్ మనిషి, ఒక్కనాడన్నా గడప లోపలికి రానిచ్చిందా? లేదు. “నేను వాళ్లల్లో దాన్ని కాదు” అనేది. తప్పు తప్పే, ఎవరు చేసినా.

ఇరాక్ సైన్యం వచ్చినాక బాబా, అంటే ఆమె మొగుడు, పోలీసు ఉద్యోగస్తుడు, మిద్దె మీద నీళ్ల ట్యాంకు గదిలో దాంకున్న్యాడు. ఈమె కువైటీ అని తెలిస్తే ఇల్లు సోదా చేస్తారు. దొరికితే ఖలాస్.

ఒక పొద్దున రొట్టెల అంగడి కాడ వరసలో ఉంటిమి. నేను, మామా, మా ఎనక హలీమా. మీ తాత అప్పుడు మంగఫ్‌లో... సరే, ఆ మాట ఇంకోసారి. సైనికులు కెమెరా తెచ్చినారు. జనం సుఖంగా ఉండారని టీవీలో చూపించల్లంట. అధికారి కుర్చీ వేసుకుని కూచున్న్యాడు. ఒకడు టీ తట్ట నా చేతికి ఇయ్యబోతే కెమెరావాడు, “హిందీ వద్దు, సూదానీ కావల్ల” అనె. హిందీ అంటే మనమేలే. తట్ట తెచ్చి మామా ముందర పెట్టిరి. “నవ్వుతా పట్టుకుపో.”

మామా ముట్టలే. “నేను సూదానీ కాదు” అనే మాట నోటి దాకా వచ్చేసింది. నేను ఆమె అబాయా, అదే, బురఖా, పట్టి లాగితి. కెమెరావాడు అనుమానంగా చూసి, “యాడిదానివి నువ్వు? ఇఖామా తీయ్” అనె.

ఇఖామా అంటే బయటి దేశపోళ్లు ఆడ ఉండేదానికిచ్చే కార్డు. పుట్టిన దేశంలో ఉండేదానికి ఇఖామా ఎవరిస్తారు, నువ్వే చెప్పు?

అప్పుడు హలీమా ముందుకొచ్చి తట్ట అందుకునె. “నా చెల్లెలు సార్. దాని ఇఖామా పనికి పెట్టుకున్న కఫీల్ దగ్గరుంది. అది నవ్వితే ఏడ్చినట్టుంటుంది, నన్ను తీయండి. చక్కెర మాత్రం మీరు తక్కువేసినారు, ఆయన తిడితే నాకు తెలీదు!” సైనికులు పకపకా నవ్విరి. హలీమా నవ్వుతా తట్ట మోసుకుపోయి అధికారి ముందర పట్టె.

సాయంత్రం టీవీలో అదే వచ్చె. నల్లమొగం, చేతిలో టీ తట్ట. మామా ఈసారి ఆపలే. కడదాకా చూసి, లేచి గడప దాటి పోయి, “హలీమా, ఉఖ్తీ!” అని పిలిచె. ఉఖ్తీ అంటే అక్కా అని. లోపలికి తెచ్చి, తన పక్కన కూచోబెట్టుకుని, నన్ను లేవనీయకుండా తన చేత్తోనే టీ పోసె.

నువ్వూ ఇప్పుడు వీడియోలు తీస్తాండావు గదా? ఎవరి చేతికన్నా తట్ట ఇచ్చే ముందు, వాళ్ల పేరడుగు తల్లీ. సల్లగుండు.